పలక, పచ్చిక, పలక

తోటమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అయితే అది మనుషుల మీద కోపం కాదు, మొక్కల వరస చెడితే వచ్చే కోపం. ఎవరైనా ముచ్చటపడి కొనుక్కొచ్చిన గులాబీ కుండీని ఆమె వేసిన మడి మధ్యలో పెట్టారంటే అయిపోయినట్టే. "పాట సాగుతుంటే మధ్యలో వచ్చి తుమ్ముతారా సార్ ఎవరైనా?" అని ముఖం మీదే అడిగేస్తుంది. ఆమె తోటపని చేసే అపార్టుమెంట్లలో పెద్దపెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళు కూడా నోరెత్తకుండా కుండీ చంకన పెట్టుకుని వెనక్కి పోవలసిందే.

ఈ పిచ్చి ఆమెకు అంటించినవాడు నర్సరీలో పని నేర్పిన ముసలి మేస్త్రి. ఎన్నో బంగళాలకు తోటలు వేసిన చెయ్యి ఆయనది. "తోటంటే మొక్కలు కాదమ్మాయ్, లయ. పొట్టిది, పొట్టిది, పొడుగుది. మళ్ళీ పొట్టిది, పొట్టిది, పొడుగుది. చూసేవాడి కాలు దానంతటదే ముందుకు పడాలి" అనేవాడు. ఆ వెంటనే వేలు పైకెత్తి, "కానీ ఒక్కచోట తప్పించు. ఒకటే దరువైతే కన్ను నిద్రపోతుంది. ఒకచోట ఆపి, మంచి చెట్టొకటి చూపించి, మళ్ళీ మొదలెట్టు" అనేవాడు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆమె వేసిన ప్రతి తోటలోనూ ఆ తప్పింపు మాత్రం ఉండి తీరుతుంది. అది లేకపోతే ఆమెకు అన్నం సయించదు.

ఆమె భర్త ఇంటింటికీ గ్యాస్ సిలిండర్లు వేసేవాడు. లిఫ్టు చెడిపోయిన ఇళ్ళకు కూడా సిలిండర్ భుజాన పెట్టుకుని ఈల వేసుకుంటూ మెట్లెక్కిన మనిషి. అలాంటివాడికి వణుకు జబ్బు వచ్చింది. ముందు వేళ్ళు, ఆ తర్వాత చెయ్యి, ఆ తర్వాత కాళ్ళు. వణుకుతో ఎలాగో సర్దుకుపోయారు గానీ, అసలు చిక్కు కాళ్ళు ఆగిపోవడంతో వచ్చింది. నడుస్తూ నడుస్తూ గుమ్మం దగ్గరకొచ్చేసరికి పాదాలు నేలకు అతుక్కుపోయేవి. వెనకాల ఎవరైనా తొందరపెడితే ఇంకా బిగుసుకుపోయేవి.

"తియ్యవయ్యా కాలు!"

"నేను తీద్దామనే చూస్తున్నానే. నీ మాట వినకూడదని అదీ నేర్చుకుంది" అనేవాడు నవ్వించడానికి.

ఆమెకు నవ్వొచ్చేది కాదు. నడక మానేస్తే ఇక మంచం పట్టడమేనని డాక్టరమ్మ ఉన్నమాట చెప్పేసింది. అంత మనిషిని మంచంలో ఊహించుకోలేకపోయేది తోటమ్మ. గుమ్మాలు తీసెయ్యనూ లేదు, జబ్బును పీకి పారెయ్యనూ లేదు. ఏం చెయ్యాలో పాలుపోక మొక్కల మీద విసుక్కునేది.

వాళ్ళుండేది అపార్టుమెంట్ల వెనక, నీళ్ళ మోటారు పక్కనున్న గదిలో. ఒకరోజు పొద్దున ఎండ ఏటవాలుగా పడి, ఇనుప కంచె ఊచల నీడలు సిమెంటు దారికి అడ్డంగా పరుచుకున్నాయి. నీడా, వెలుగూ, నీడా, వెలుగూ. అతను గదిలోంచి బయటికి వచ్చి ఆ చారల మీద చారచారకూ ఒక అడుగు వేసుకుంటూ నడిచేశాడు. ఎక్కడా ఆగలేదు. నీడలు అయిపోయిన చోట మళ్ళీ కొయ్యబారిపోయాడు. తోటమ్మ చేతిలో నీళ్ళ గొట్టం అలాగే ఉండిపోయి మడంతా చెరువైంది. ఆమెకు ఆ సంగతే పట్టలేదు. మేస్త్రి మాట చెవిలో మోగింది. కాలు దానంతటదే ముందుకు పడాలి.

మర్నాడే వెళ్ళి అపార్టుమెంట్ల సెక్రటరీ గారిని పట్టుకుంది. గది నుంచి గేటు దాకా పగిలిపోయిన సిమెంటు దారి తవ్వించి తోటబాట వేస్తానంది.

"మీ ఆయన కోసమా ఏంటమ్మా ఇదంతా?" అన్నాడాయన.

"అందరి కోసమే సార్. మా ఆయన ముందు నడుస్తాడు, అంతే."

ఆయన నవ్వేసి సరేనన్నాడు. ఆమె బాటకు అడ్డంగా రాతిపలకలు పరిచింది. పలకకూ పలకకూ మధ్య పచ్చిక పట్టీ. అటూ ఇటూ రెండేసి బిళ్ళగన్నేరు మొక్కలు, ఒక నిమ్మగడ్డి దుబ్బు, మళ్ళీ రెండు బిళ్ళగన్నేరు, మళ్ళీ నిమ్మగడ్డి. పచ్చిక నాటుకున్నాక భర్తను తెచ్చి బాట మొదట్లో నిలబెట్టింది. అతను కిందికి చూసుకుంటూ, "పలక, పచ్చిక, పలక" అని గొణుక్కుంటూ నడిచాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

కానీ బాట మలుపు దగ్గర ఆమె చెయ్యి ఊరుకోలేదు. అక్కడ పలకలు ఆపేసి, గుండ్రంగా గులకరాళ్ళు పోసి, నడుమ ఒక ముద్దమందారం నాటింది. నలభై ఇళ్ళవాళ్ళూ చూసి మెచ్చుకున్నారు. ఆమె బుర్ర వద్దని చెప్పకపోలేదు. ఒక్క అడుగే కదా, పక్కనుండి దాటించెయ్యనా అని దాని నోరు నొక్కేసింది. రోజూ అతను మందారం దగ్గరికి రాగానే ఆగిపోయేవాడు. ఆమె పరుగున వెళ్ళి మోచెయ్యి పట్టుకుని, "మళ్ళీ పట్టేశాయా కాళ్ళు? పద పద" అనేది. అప్పటికే అతనికి మాట కూడా మెల్లగా, ముక్కముక్కలుగా వస్తోంది. "ఉండవే" అనేవాడు. ఆమె ఉండేది కాదు.

ఒకరోజు ఆమె అపార్టుమెంట్ల ముందువైపు నిచ్చెనెక్కి కంచె మొక్కలు కత్తిరిస్తోంది. ఆమె వచ్చేదాకా ఆగకుండా అతనొక్కడే బయల్దేరాడు. పలకల మీద బాగానే వచ్చాడు. గులకరాళ్ళ మీద కాలు జారి పక్కకు ఒరిగిపోయాడు. చప్పుడు విని ఆమె పరుగెత్తుకొచ్చేసరికి మందారం మొదట్లో పడి ఉన్నాడు. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషన్ చేసిన డాక్టరు ఆమెను పక్కకు పిలిచి, ఈ జబ్బుతో మళ్ళీ లేచి నడవడం కష్టమనీ, ఆశ పెట్టుకోవద్దనీ చెప్పాడు. "ఒక్కసారి నా బాట మీద నిలబెట్టి చూస్తాను బాబూ, అక్కడైతే నడుస్తాడు" అని ఆమె ఆయన చేతులు పట్టుకుంది. ఆయన మెల్లగా చేతులు విడిపించుకుని వెళ్ళిపోయాడు. తోటమ్మ ఆసుపత్రి మెట్ల మీద కూలబడి తల బాదుకుంది. ఇంకెవరిని తిట్టాలి? పడేసింది జబ్బు కాదు, తన చెయ్యే.

అతనికి బట్టలు తేవడానికి ఇంటికొచ్చి, బట్టల సంగతి మరిచిపోయి గునపం పట్టుకుంది. మొగ్గలతో ఉన్న మందారాన్ని వేళ్ళతో సహా పెకలించింది. "నీ కన్ను నిద్రపోతే పోనీ ముసలోడా, నా మనిషి కాలు నిలబడితే చాలు" అని పోయిన మేస్త్రిని నిలబెట్టి కడిగేసింది. సెక్రటరీ గారు బాల్కనీలోంచి, "అంత చక్కటి చెట్టు కదమ్మా!" అన్నాడు. ఆమె తలెత్తలేదు. గులకరాళ్ళు ఎత్తిపోసి పలకలు పరిచింది. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఎక్కడా తప్పని వరస. ఆమె చేతిమీదుగా అలాంటి తోట లేవడం అదే మొదటిసారి.

అతన్ని చక్రాల కుర్చీలో తెచ్చారు. పచ్చిక నాటుకునేదాకా ఆగి, ఒక సాయంత్రం ఆమె కుర్చీని బాట మొదటికి తోసుకొచ్చింది. చంకల్లో చేతులు వేసి లేపింది.

"చూడయ్యా, ఇప్పుడు ఎక్కడా ఆగక్కర్లేదు. గేటు దాకా ఒకటే వరస. పలక, పచ్చిక, పలక. అను."

అతను అనలేదు. కాళ్ళు తడి గుడ్డల్లా వేలాడాయి. ఆమె మళ్ళీ లేపింది, మళ్ళీ జారిపోయాడు. మూడోసారి ఇద్దరూ కలిసే కుర్చీలో పడ్డంత పనైంది. "పోనీలే, రేపు చూద్దాం" అని తనకు తానే చెప్పుకుని, కుర్చీనే ముందుకు తోసింది. కనీసం బాట చూస్తాడు కదా అనుకుంది.

మలుపు దగ్గర అతను వణికే చెయ్యి పైకెత్తాడు. ఆమె ఆపింది.

"ఏదే?"

"ఏంటయ్యా?"

"చెట్టు."

"పీకేశాను. దాని మూలంగానే కదా పడ్డావు. రోజూ అక్కడే కదా నీ కాళ్ళు పట్టేసేవి."

అతను పలకల కేసి చూశాడు. పెదవులు కదిలాయి గానీ మాట రావడానికి ఇంకాసేపు పట్టింది.

"పట్టేసి కాదే... ఆగేవాణ్ణి. దాన్ని చూద్దామనే... ఇక్కడి దాకా వచ్చేవాణ్ణి."

తోటమ్మ కుర్చీ ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుని అతని చేతులు రెండూ పట్టుకుంది.

"ఇంకోటి నాటుతాను. రేపే నాటుతాను. గేటు దాకా వెళ్ళొద్దాం రావయ్యా."

అతను గేటు వైపు చూశాడు. పలకలు ఒకేలా అక్కడిదాకా వెళ్ళిపోతున్నాయి.

"అక్కడేముందే?" అన్నాడు.

ఆమె లేచి కుర్చీని గది వైపు తిప్పింది.