అమ్మ ఎంచిన తీగ గులాబీ

ఎవరింటి ముందైనా చలికాలంలో తడిమట్టి తవ్వుతున్న వాసన తగిలితే చాలు, నాటింగ్‌హామ్‌లో మేముండే పాత ఇల్లు గుర్తొస్తుంది. ఎర్ర ఇటుకల గోడ, ఉత్తరం వైపు తిరిగి ఎండ మొహం ఎరగని వాకిలి, ఆ వాకిట్లో నాన్న పాత కోటు తొడుక్కుని, తలకు మఫ్లర్ చుట్టుకుని, ముక్కు ఎర్రబడినా లోపలికి రాని మా అమ్మ.

తొంభైల చివర, నాకు ఎనిమిదేళ్లప్పుడు, నాన్నకు అక్కడి ఆసుపత్రిలో డాక్టరు ఉద్యోగం వచ్చింది. అమ్మ పుట్టిల్లు కడియం. కాలువ గట్టు పొడుగునా నర్సరీలే ఉండే ఊరు, అందులో ఒకటి తాతయ్యది. అలాంటి ఊరి ఆడపడుచు వరలక్ష్మీ వ్రతానికి సూపర్‌మార్కెట్‌కి వెళ్లి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన పూలు కొనుక్కురావడమంటే తల కొట్టేసినంత పని. “కడియం పిల్లనయ్యుండి పూలు కొనుక్కోడమేంటండీ!” అని ప్రతి శ్రావణ మాసంలోనూ నాన్నను నిలదీసేది. నైట్ డ్యూటీ నుంచి వచ్చిన నాన్న, ఊరుకున్నంత ఉత్తమం లేదని, టీ తాగి పడుకునేవారు.

మొదటి గులాబీని అమ్మ ముక్కుతో ఎంచింది. జూన్‌లో గార్డెన్ సెంటర్‌కి వెళ్లి, కుండీ కుండీకీ వంగి వాసన చూసి, ముదురెరుపు పూల తీగను ముచ్చటపడి తెచ్చింది. మంచు పడగానే అది నల్లబడి చచ్చింది. రెండోదానికి చలెయ్యకుండా తన నేతచీర చుట్టి, కడియంలో పోసినట్టే రోజూ నీళ్లు పోసింది, దాని వేర్లు కుళ్లిపోయాయి. ఆ రోజు అమ్మ ఏడ్చింది. మొక్క కోసం కాదు, పరువు కోసం అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

ఆ తర్వాత అమ్మ పద్ధతి మార్చింది. జనవరి శనివారాల్లో, కార్ల అద్దాల మీద మంచు గీకుతున్న చప్పుడు, వంటిళ్లలోంచి మాడిన టోస్టు వాసన వస్తుండగా, నా చెయ్యి పట్టుకుని వీధి వీధీ తిప్పేది. పరాయి వాళ్ల గోడల ముందు ఆగి, వాళ్ల తీగల్ని తేరిపార చూసేది. “జూన్‌లో ఏదైనా పూస్తుందే. ఈ చలికి ఏది నిలబడిందో చూడు.”

మా వీధి చివర జోన్ ఆంటీ అనే ఒంటరి పెద్దావిడ ఉండేది. ఆవిడ గోడా ఉత్తరం వైపే. దాని మీద ఒక తీగ, అంత మంచులోనూ పచ్చటి కాడలతో, ఎర్రటి మొగ్గ చిగుళ్లతో నిలబడి ఉంది. అమ్మ వెళ్లి బెల్లు కొట్టింది.

“మమ్మీ, ప్లీజ్! యూ కాంట్ జస్ట్ ఆస్క్!” అన్నాను, సిగ్గుతో చచ్చిపోతూ.

“ఎందుకడక్కూడదే? కొమ్మేగా, కిడ్నీ కాదుగా!”

జోన్ ఆంటీ నవ్వి, ఎన్ని కొమ్మలైనా కోసుకోమంది. కాకపోతే ముందే చెప్పింది: పువ్వు వెలిసిన గులాబీ రంగు, వాసన అంతంత మాత్రం, జూలైకల్లా పూత అయిపోతుంది. నేను తెలుగులో చెప్పగానే అమ్మ మొహం వాడిపోయింది. వ్రతం వచ్చేది ఆగస్టులో. ఆ పచ్చటి కాడను వేళ్లతో తడిమి చూసి, “చలికి తట్టుకుంది కదా, అది చాలు. మిగతాది నేను చూసుకుంటాను,” అంది.

తెచ్చిన కొమ్మను అమ్మ మా గోడ పక్కనే నాటింది. రెండో ఏడుకి తీగ నాన్న కొట్టిన మేకుల్ని పట్టుకుని కిటికీ దాకా ఎగబాకింది. జూన్‌లో పూత మొదలయ్యింది. ఇక అమ్మ రోజూ పొద్దున్నే స్నానం చేసి, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని, విచ్చిన ప్రతి పువ్వునూ దేవుడికని కోసేసేది. అటుగా వెళ్తూ జోన్ ఆంటీ, గోడకేం మిగులుస్తావని నొచ్చుకునేది. ఆవిడ తన పూలు కోసేది కాదు. అవి కొమ్మకే ఎండి కాయలు కట్టేవి, ఆ ఏటికి తీగ పని సరి. మా తీగకు కాయ కట్టే తీరికే లేదు. కోసిన కొద్దీ మొగ్గ తొడిగింది. జూలై దాటింది, ఆగస్టు వచ్చింది, గోడ నిండా పూలే. ఇదంతా ముందే తెలిసినట్టు అమ్మ తల పంకించింది.

ఆ శుక్రవారం నార్తాంప్టన్ నుంచి, బర్మింగ్‌హామ్ నుంచి పట్టుచీరల మీద కార్డిగన్లు వేసుకుని వచ్చిన ఆంటీలతో, పూర్ణాల నేతివాసనతో, పులిహోర ఇంగువ ఘుమఘుమతో మా చిన్న హాలు కిక్కిరిసింది. అమ్మవారి ముందు పళ్లెం నిండా గులాబీలు. ఎక్కడ కొన్నావని ఒకావిడ అడిగింది.

“కొనడమేంటి వదినా! మా గోడవి.”

ఆ మాట అనడానికే అమ్మ అన్నేళ్లు చలిలో నిలబడింది. ప్రతి తాంబూలంలోనూ రెండేసి పూలు పెట్టింది, జోన్ ఆంటీ తెల్లజుట్టులో తనే ఒకటి తురిమింది. బడిలో అమ్మ ఉద్యోగమేమిటని అడిగితే నీళ్లు నమిలే నేను, ఆ రోజు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ తీగను చూపించి, “మా అమ్మే పెంచింది” అని చెప్పుకున్నాను. అంత గర్వం నాకు నా డిగ్రీ రోజున కూడా కలగలేదు.

పోయిన నెల ఆ వీధికి వెళ్లాను. జోన్ ఆంటీ లేదు, ఆవిడ ఇంట్లో స్టూడెంట్లు అద్దెకుంటున్నారు. పొద్దున్నే పూలు కోసేవాళ్లు ఆ వీధిలో ఎవరూ లేరు. మా ఇల్లు కొన్నవాళ్లు తీగను నరికేసి, వాకిలంతా సిమెంటు పోసి రెండు కార్లు పెట్టుకున్నారు. బాధ పట్టలేక అక్కడి నుంచే అమ్మకు ఫోన్ చేశాను.

“వేరుతో తీశారా, పైపైన నరికారా?” అంది అమ్మ.

“తెలీదమ్మా. సిమెంటు పోసేశారు.”

“సిమెంటా?” అమ్మ నవ్వింది. “ఎన్నాళ్లుంటుందే సిమెంటు!”