ఒక డిస్కూ డిస్కు కాదన్న మనిషి

మా కింది ఇంటి అన్నయ్యగారు పోయారు. కంపెనీ పని మీద ఈ అరబ్బు దేశం దక్షిణపు కొసన ఉన్న రైసూత్ రేవుకు వెళ్ళారు. అక్కడి గోడౌన్ ఆఫీసులో మధ్యాహ్నం టీ తాగి, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారట. గుండె అన్నారు. కంపెనీ వాళ్ళు ఆ కబురు మా ఆయనకు చెప్పారు, ఎందుకంటే వదినగారికి ఫోన్ చేసి ప్రయోజనం లేదు. ఆవిడ వినగలరు గానీ మాట్లాడలేరు. మెట్లు దిగి వెళ్ళి ఆ మాట చెప్పే పని నా నెత్తిన పడింది. చెప్పాను. ఆవిడ నోరు తెరుచుకుంది, చేతులు గోడను వెతుక్కున్నాయి, శబ్దం మాత్రం రాలేదు. గట్టిగా ఏడ్చే అదృష్టం కూడా లేని మనిషిని పట్టుకుని ఆ సాయంత్రం ఇద్దరి ఏడుపూ నేనే ఏడ్చాను.

ఆయన గురించి నాలుగు మాటలు రాయమని ఇక్కడి తెలుగువాళ్ళు అడిగారు. మహానుభావుడు అని రాస్తే ఆయనే నవ్వుతారు. స్పేర్ పార్టులు అమ్మే ఒక కంపెనీలో స్టోర్సు చూసుకునే మనిషి. కంప్యూటర్ చదువు చదివినవారు కారు. అయినా ఘుబ్రా పేటలో మా బిల్డింగులో ఎవరింటికి హార్డ్ డిస్కు కావాలన్నా ముందు ఆయన తలుపే తట్టేవాళ్ళం. ఒక్కోసారి ఆయన సలహా తప్పేది కూడా. అప్పుడు మన కంటే ఆయనే ఎక్కువ బాధపడేవారు, మనమే ఓదార్చి రావలసి వచ్చేది.

వాళ్ళది కడప జిల్లా. పిల్లల్లేరు. వదినగారు శుక్రవారం పొద్దున బిల్డింగులోని తెలుగు పిల్లలందరినీ హాల్లో కూర్చోబెట్టి అక్షరాలు, పద్యాలు చెప్పేవారు. ఆవిడ గొంతు ఖంగుమనేది. పై అంతస్తులో నా వంటింట్లోకి పద్యమూ వినిపించేది, మా వాడికి పడే తిట్లూ వినిపించేవి. అన్నయ్యగారు చిన్న వీడియో కెమెరా పట్టుకుని ఓ మూల నిలబడి అదంతా తీసేవారు. పిల్లల తల్లిదండ్రులకు చూపించడానికని పేరే గానీ, నాకు తెలిసి ఆ కెమెరా పిల్లల మీద ఎక్కువసేపు నిలిచేది కాదు.

ఆ తర్వాత వదినగారి గొంతులో గడ్డ ఉందన్నారు. ఇండియా తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించారు. ప్రాణం దక్కింది, స్వరపేటిక పోయింది. మెడకు పల్చటి స్కార్ఫు చుట్టుకుని తిరిగొచ్చిన మనిషి చప్పట్లు కొట్టి పిలవడం, పెదవులు కదిపి చెప్పడం నేర్చుకున్నారు. మొదట్లో ఒకరోజు, ఆవిడ సంతోషిస్తారనుకుని కాబోలు, అన్నయ్యగారు పాత వీడియో ఒకటి పెట్టారు. నేను అక్కడే ఉన్నాను. వదినగారు లేచి వెళ్ళి ప్లగ్గు పీకేశారు. ఆ గొంతు ఇక ఈ ఇంట్లో వినబడకూడదని చేతులతో, కళ్ళతో చెప్పారు. బతికున్న మనిషి ముందు ఆ మనిషి ఫోటోకే దండ వేసి పెట్టినట్టు ఉండి ఉంటుంది ఆవిడకు. ఆ రోజు నించీ ఆ ఇంట్లో వీడియో మోగలేదు.

రెండేళ్ళ కిందటి తుఫానును ఇక్కడున్నవాళ్ళెవరూ మర్చిపోరు. ఏడాదంతా ఎండి రాళ్ళు తేలి ఉండే వాగు, ఇక్కడివాళ్ళు వాదీ అంటారు, ఆ రోజు ఏరై వీధిలోకి వచ్చింది. కింది ఇళ్ళలో నడుము లోతు నీళ్ళు. అందరూ బంగారం, పాస్‌పోర్టులు పట్టుకుని పైకి పరుగెత్తుకొస్తుంటే, అన్నయ్యగారు కంప్యూటర్ డబ్బాను నెత్తిన పెట్టుకుని మెట్లెక్కి మా ఇంటికొచ్చారు. పాస్‌పోర్టులు అల్మరా కింది అరలో నాని ముద్దయ్యాయి. వాటి కోసం ఎండలో ఎంబసీ చుట్టూ తిరిగినన్నాళ్ళూ వదినగారు ఆయన్ని కళ్ళతోనే తిట్టారు. నేను నోటితో తిట్టాను. ఆయన తల వంచుకుని విని, పాస్‌పోర్టు మళ్ళీ ఇస్తారు గదమ్మా అన్నారు. ఆ డబ్బాలో ఏముందో నాకప్పుడు తట్టింది. వదినగారి గొంతు ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్కచోటే.

అక్కడ పట్టుకుంది ఆయనకు భయం. వారాంతం వచ్చిందంటే రూవీలో కంప్యూటర్ షాపుల చుట్టూ తిరిగేవారు. కొనే ముందు పది మందిని అడగడం, ఇంటికొచ్చి ఇంటర్నెట్‌లో చదవడం, మళ్ళీ వెళ్ళడం. రియాల్ దగ్గర గట్టి మనిషి. కానీ చవకంటే ఆయన లెక్క వేరు. వేగంగా తిరిగే డిస్కు వేడెక్కుతుంది, పైగా ధర ఎక్కువ, మెల్లగా తిరిగేది చవకా, చల్లగానూ ఉంటుందనేవారు. మనమేమన్నా దాన్ని పందేనికి తోల్తామా అని అడిగేవారు. మొదట్లో ఒకసారి తెలిసిన మనిషి చవకగా ఇప్పిస్తానంటే నమ్మి, కొత్త స్టిక్కర్ అంటించిన పాత డిస్కు తెచ్చుకున్నారు. వారం తిరక్కుండా అది టిక్కుటిక్కుమంది. షాపుల వాళ్ళు గ్యారంటీ గురించి గొప్పగా చెబితే ఆయన దగ్గర ఒకే జవాబు ఉండేది. 

"గ్యారంటీ అంటే ఏందమ్మా? డిస్కు చస్తే కొత్త డిస్కు ఇస్తారు. అందులో ఉండే మాట యాడనించి తెచ్చిస్తారు?"

చివరికి ఇంట్లో అన్ని కంప్యూటర్లకూ కలిపి ఒకేచోట దాచుకునే పెట్టె ఒకటి కొన్నారు. నెట్‌వర్క్ వైరు తగిలిస్తే ఏ గదిలోంచైనా చూసుకోవచ్చు. అందులో రెండు డిస్కులు, ఒకదానిలో రాసింది రెండోదానిలోనూ రాసుకుంటుంది. ఆ రెండింటినీ రెండు వేరు వేరు షాపుల్లో, వేరు వేరు కంపెనీలవి కొన్నారు. ఒకే కానుపు పిల్లలకు జ్వరం కూడా ఒకేసారి వస్తుందని ఆయన వాదన. పెట్టెను తీసుకెళ్ళి పడగ్గదిలో అల్మరా నెత్తిన పెట్టారు. మా ఫోటోలు కూడా అందులో పెట్టుకోమని మా కిటికీలోంచి కింది కిటికీకి వైరు వేలాడదీశారు. బిల్డింగు వాచ్‌మన్ అది చూసి గొడవ చేస్తే, అతనికి ఓ అరటిపళ్ళ గెల ఇచ్చి ఒప్పించారు. ఒక కన్నూ కన్ను కాదు, ఒక కొడుకూ కొడుకు కాదని మన పెద్దవాళ్ళ సామెత ఉంది కదా. ఆయన దానికి, ఒక డిస్కూ డిస్కు కాదు అని తోక తగిలించారు. మేమంతా ఆ మాట అని ఆయన్ని ఏడిపించేవాళ్ళం.

రెండింటితోనూ ఆయనకు నిద్ర పట్టలేదు. ఇల్లు తగలబడితే, మళ్ళీ నీళ్ళొస్తే? మూడోది ఇండియాలో ఉండాలన్నారు. ఇక్కడ ఊరెళ్ళే మనిషి సూట్‌కేసు ఆ ఒక్కరిదే కాదని మనకందరికీ తెలుసు. వెళ్ళేటప్పుడు ఒకరి సబ్బులు, ఒకరి పాలపొడి, వచ్చేటప్పుడు ఇంకొకరి పచ్చళ్ళు. ఆ సామానులో ఈయన డిస్కు కూడా చేరింది. తువ్వాల్లో చుట్టి, దాన్ని ప్లాస్టిక్ సంచీలో కట్టి, పసిబిడ్డను అప్పగించినట్టు అప్పగించేవారు. అది ప్రొద్దుటూరులో వదినగారి తమ్ముడి ఇంటికి చేరేది. కొన్నాళ్ళకు అదే తిరిగొచ్చేది, కొత్తగా ఎక్కించుకుని మళ్ళీ వెళ్ళేది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు తిప్పుతున్నారని నేను నవ్వాను.

నవ్వినన్నాళ్ళు నవ్వాను గానీ, పోయిన ఎండాకాలం జరిగింది మాత్రం నవ్వే సంగతి కాదు. ఆ తమ్ముడు అక్క గొంతు ఒకసారి విందామని డిస్కును తన కంప్యూటర్‌కు తగిలించాడు. ఈ పెట్టె రాసే పద్ధతి వేరు, మామూలు కంప్యూటర్ దాన్ని చదవలేదు. ఇందులో ఏమీ లేదు, ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది. బావ ఖాళీ డిస్కు పంపాడనుకుని ఇతను చేయమన్నాడు. అంతటితో ఆగాడా? ఖాళీగా పంపితే బాగుండదని, బావకు ఇష్టమని నిండా పాత సినిమాలు ఎక్కించి, తర్వాత వచ్చే మనిషి చేతికిచ్చి ప్రేమగా పంపాడు. అన్నయ్యగారు దాన్ని తెరిచి చూసి, చాలాసేపు ఆ సినిమాల పేర్లు చదువుతూ కూర్చున్నారు. బావమరిదిని పల్లెత్తు మాట అనలేదు. కంప్యూటర్ అడిగింది, వాడు జవాబు చెప్పినాడు అన్నారంతే.

కష్టాలు ఒంటరిగా రావంటారు. ఆ వారమే ఇంట్లో ఏసీ చెడింది, ఆ ఉక్కకు పెట్టెలో ఒక డిస్కు చచ్చింది. ఎర్ర లైటు వెలిగింది. అంటే ఇండియాలోది పోయింది, ఇక్కడ రెండిట్లో ఒకటి పోయింది. తుఫాను నాటి కంప్యూటర్ ఎప్పుడో పాడైంది, వదినగారి గొంతంతా ఇప్పుడు ఒక్క డిస్కు మీద ఉంది. అన్నయ్యగారు రూవీ వెళ్ళి కొత్తది తెచ్చి పెట్టారు. పాతదానిలోంచి కొత్తదానిలోకి అంతా ఎక్కాలి. ఎక్కేలోపు పాతది ఆగిపోతే ఇక ఏమీ లేదు. ఆ శుక్రవారం పగలంతా ఆయన మంచమ్మీద స్టూలు వేసుకుని, అల్మరా మీది పెట్టెకు టేబుల్ ఫ్యాన్ ఎత్తి పట్టుకుని కూర్చున్నారు. నేను పులిహోర పట్టుకెళ్తే ముట్టలేదు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. వదినగారు వచ్చి చప్పట్లు కొట్టారు. ఆయన తిరిగి చూడలేదు. ఆవిడ ఆయన మోకాలు పట్టుకుని కుదిపి, పోతే పోనివ్వండి అని పెదవులతో అన్నారు. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆవిడ కోపంగా వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు చప్పుడు చేశారు. నాకు ఆయన మీద జాలీ వేసింది, ఒళ్ళూ మండింది.

ఆవిడ వద్దంటుంటే ఇదంతా ఎవరికోసం అన్నయ్యగారూ అని అడిగేశాను. 

"వినొద్దంటాంది, విననమ్మా. పారెయ్యమని మాత్రం ఒక్కసారీ అనల్యా" అన్నారు. ఫ్యాను ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుని, మళ్ళీ ఆయనే అన్నారు. "ఎప్పుడో ఒగనాడు ఆమెకే కావాలనిపిస్తాదేమో. ఆ పొద్దు లేదని చెప్పే మొగం నాకు లేదు."

సాయంత్రానికి లైటు పచ్చగా మారింది. ఆయన స్టూలు దిగి, నిలబడలేక గోడకు చేరగిలబడ్డారు. అప్పుడే ఆయన ఎడమ చెయ్యి అదేపనిగా నొక్కుకున్నారు. ఫ్యాను మోసిన నొప్పి అనుకున్నాం. దాని గురించి ఇప్పుడు ఎంత ఆలోచించినా లాభం లేదని తెలుసు, అయినా ఆలోచన వదలడం లేదు.

ఆయన పోయాక వదినగారిని తీసుకెళ్ళడానికి ఆ తమ్ముడే వచ్చాడు. దండ వేయడానికి ఆయన ఫోటో వెతికితే ఒక్కటీ లేదు. ఏ ఆల్బమ్ తీసినా వదినగారు, మా పిల్లలు, మేము. తీసిన మనిషి ఎక్కడా లేరు. చివరికి రెసిడెంట్ కార్డు మీది గోరంత ఫోటోను పెద్దది చేయిస్తే మొహం అంతా అలుక్కుపోయి ఎవరో పరాయి మనిషిలా వచ్చింది. వదినగారు దాన్ని ఒకసారి చూసి బోర్లా పెట్టేశారు. తర్వాత ఇల్లు ఖాళీ చేసే పని మొదలైంది. మంచాలు, ఫ్రిజ్ కొనడానికి ఎవరో వచ్చి, అల్మరా మీది పెట్టె కూడా ఇస్తారా అని అడిగారు. తమ్ముడు అప్పటికే దాని వైర్లు పీకి కింద పెట్టాడు. అందరం వదినగారి వైపు చూశాం. ఆవిడ చప్పట్లు కొట్టలేదు, తల ఊపలేదు. వచ్చి ఆ పెట్టెను ఎత్తుకుని ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చున్నారు.

కొనేవాళ్ళు వెళ్ళిపోయాక నా చెయ్యి పట్టుకుని, పెట్టెనూ కంప్యూటర్‌నూ చూపించారు. వైర్లు తగిలించాను. ఎర్ర లైటు వెలిగింది. తమ్ముడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. పెట్టె గరగరమని ఏదో తేల్చుకుని, కాసేపటికి ఒక డిస్కు పలికింది. ఇంకొకటి ఇక పలకలేదు. ఏమీ నొక్కకుండా ముందు దీనికి కాపీ తియ్యాలి నాయనా అన్నాను. అతను బుద్ధిగా తల ఊపాడు. కానీ వదినగారు ఆగేలా లేరు. తెరమీద వరుసగా ఉన్న వీడియోల్లో ఒకదాన్ని చూపించారు. ఇన్నాళ్ళకు తన గొంతు వినాలని మనసు పుట్టిందనుకుని నేను పెట్టాను.

పిల్లలు వరుసగా కూర్చున్నారు. వదినగారి గొంతు ఆ ఖాళీ హాల్లో ఖంగుమంది. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఆవిడ కళ్ళు మాత్రం పొడిగా ఉన్నాయి. ఆవిడ తనను తాను చూడడం లేదు, తన పద్యం వినడం లేదు. ఇంకేదో వచ్చే దాకా ఓపిక పడుతున్నట్టు ముందుకు వంగి ఉన్నారు. పద్యం అయిపోయింది. తెరమీది వదినగారు తలెత్తి, సూటిగా కెమెరా వైపు చూసి, ఏమండీ, ఆ చాప ఇట్లా తెస్తారా అన్నారు.

"తెస్తాండా" అంది అన్నయ్యగారి గొంతు. కెమెరా ఆయన చేతిలోనే ఉంది కనక అది అందరి గొంతుల కంటే దగ్గరగా, చెవి పక్కన అన్నట్టే వినిపించింది.

వదినగారు నా చేతి మీద చెయ్యి వేసి వెనక్కి జరిపించారు. మళ్ళీ జరిపించారు. మూడోసారికి తెరమీద ఆ మాట రాకముందే ఆవిడ పెదవులు కదిలాయి. శబ్దం లేకుండా, ఏమండీ అన్నారు. 

"తెస్తాండా" అన్నారాయన.