మేకపిల్ల ఎటు చూడాలి

కరోనా తగ్గి అంగన్‌వాడీలు మళ్లీ తెరిచిన ఏడాది, ఎండాకాలం మొదట్లో నన్ను తాండూరులో బండలు పాలిష్ పట్టే యూనిట్ల పక్కనున్న కేంద్రానికి ఆయాగా మార్చారు. ఆయా అంటే వంట చేయడం, ఊడ్వడం, పిల్లల్ని ఇళ్ల నుంచి తోలుకురావడం. పైన టీచరమ్మ, ఆమె పైన సూపర్‌వైజరు మేడం. నేను రిటైరయ్యేదాకా ఆయానే.

చాన్నాళ్లు మూతపడిన కేంద్రానికి పిల్లలు రావడం మానేశారు. తల్లులు పనికి పోతూ వెంట తీసుకుపోయేవాళ్లు. అక్కడ రాతి పొడిలోనే వాళ్ల ఆట, నిద్ర. హాజరు పెరగకపోతే ఈ కేంద్రాన్ని రైలు పట్టాల అవతలి దాంట్లో కలిపేస్తామని మేడం చెప్పిపోయింది. అంత దూరం ఏ తల్లీ పంపదు. ఇక పిల్లలకు ఆ పొడే గతి.

గోడలకు బొమ్మలు వేయిస్తే పిల్లలు వస్తారని టీచరమ్మ రంగులు తెప్పించి, వికారాబాద్ నుంచి సామ్యేలన్నను పిలిపించింది. ఫ్లెక్సీలు రాకముందు ఆ చుట్టుపక్కల దుకాణాల బోర్డులన్నీ ఆయన చేతివే. ఆయన గోడను అరచేత్తో నిమిరి చూసి, నిచ్చెనల మీద ఏళ్లకేళ్లు పనిచేసి భుజం పైకి లేవడం లేదని, ఎవరైనా గీస్తే పక్కన కూర్చుని చెప్తానని అన్నాడు. టీచరమ్మ నా వైపు చూసింది. ముగ్గులు బాగా వేస్తానని నాకు పేరు.

ముందు గోడ ముట్టనియ్యలేదు. నేలమీది బండల మీద సుద్దతో నేర్పాడు. తప్పయితే తడిగుడ్డతో తుడవడమే. తలకు గుండ్రం గీసేటప్పుడు కదలాల్సింది మణికట్టు కాదు, మొత్తం చెయ్యి. సుద్ద ఒత్తకూడదు. గుండ్రంలో నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి సన్నని గీతలు పెట్టుకుంటే కళ్లు అడ్డగీత మీద కూర్చుంటాయి. పసితనం కావాలంటే ఆ అడ్డగీతను కిందికి దించాలి, అప్పుడు నుదురు పెద్దదై ముద్దొస్తుంది. ఒళ్లు తలకంటే కొంచెమే పెద్దగా ఉండాలి. నల్ల అంచు అన్నిటికన్నా చివర. ఆయన చెప్పే తీరుకు మాట చెవిలో పడకముందే చేతికి ఎక్కేది.

కానీ నా చెయ్యి ముగ్గు చెయ్యి. ఎడమన ఏది వేస్తే కుడిన అదే వేసేది. నా మేకపిల్లకు చెవులు ఒక్క తీరు, కాళ్లు ఒక్క తీరు, కనుపాపలు నట్టనడుమ. ఆయన చూసి నవ్వాడు.

“గీ మేకపిల్ల ఆధార్ కార్డుకు ఫోటో దిగుతున్నదా, చెల్లె?”

ఒళ్లు గీయకముందే అది ఎటు వంగుతుందో ఒక్క వంపు గీత వేసుకొమ్మన్నాడు. ఆ గీత పట్టుకుని గీస్తే మేకపిల్ల నిజంగానే ఎగిరింది. దాన్నే వాకిలి పక్కన గోడకెక్కించి రంగులు పూసి, సాయంత్రం ఆయన బస్సెక్కాక కళ్లు పెట్టాను. కనుపాపలు మళ్లీ నడుమనే పడ్డాయి.

తెల్లారి పాలిష్ పనికి పోయే లక్ష్మి తన బిడ్డను తోలుకొచ్చింది. ఆ పిల్ల గోడమీది కళ్లను చూసి తల్లి కొంగులో దూరి ఏడుపందుకుంది. “వద్దులే అక్కా, నాతోనే తీస్కపోత,” అని లక్ష్మి వెనక్కి తిరిగింది.

అప్పుడే బస్సు దిగి వచ్చిన సామ్యేలన్న ఆమెను జర ఆగమని, నాతో నెమ్మదిగా అన్నాడు: “అది పిల్లనే గుడ్లురిమి చూస్తున్నది, భయపడదా? లోపట ఏందో ఉన్నట్టు చూడనియ్యి. పిల్ల గూడ గటే చూస్తది.”

నిన్నటి నలుపు మీద తెలుపు దట్టంగా పూసి, రెండు కళ్లలోనూ వాకిలి వైపు మూలకు కొత్త చుక్కలు పెట్టాను. పిల్ల ఏడుపు ఆపి మేకపిల్లను చూసింది. తర్వాత అది చూస్తున్న వైపు తొంగి చూసింది. అక్కడ పొయ్యి మీద గుడ్లు ఉడుకుతున్నాయి. కొంగు వదిలి గడప దాటింది. లక్ష్మి పనికి పోయింది.

ఆ తర్వాత వేసిన కోతి, చిలుక, బొద్దు పిల్లాడు అన్నీ లోపలికే చూశాయి. పిల్లలు ఒకరిని చూసి ఒకరు వచ్చారు. మేడం వచ్చి, పిల్లల్ని చూసి, కలిపే మాట మళ్లీ ఎత్తలేదు.

బొమ్మలు కొత్తగా నేర్చుకునేవాళ్లు ముక్కు, మూతి కుదరాలని తండ్లాడతారు. ముందు తేల్చుకోవలసింది ఆ బొమ్మ ఏం చేస్తున్నది, ఎటు చూస్తున్నది అని. అది తేలితే ముక్కు కొంచెం వంకరపోయినా ఎవరూ పట్టించుకోరు.