నలభై ఒకటో ఇల్లు

వైర్‌మన్ యేసుదానం దేవుడిలాంటి మనిషని అబిడ్స్‌లో ఎవరినడిగినా చెబుతారు. పైసా తీసుకోకుండా నలభై ఇళ్ల వైరింగు సరిచేశాడట. చేశాడు, కాదనను. నలభై ఒకటోది మా ఇల్లు. దాని సంగతి నేను చెబుతాను.

యేసుదానం మెదక్ మిషన్ బడిలో చదువుకుని నాంపల్లి వచ్చి, పక్కవాళ్లను చూసి చూసి పని నేర్చుకున్నాడు. 1935లో మా ఇంటికి కరెంటు పెట్టింది ఆయనే. గోడల వెంట చెక్కపట్టీలు, వాటి మీద తీగలు ఎంత తిన్నగా బిగించాడో! మా అమ్మ వసుమతి మురిసిపోయి, ఇరుగుపొరుగును పిలిచి మరీ చూపించింది.

ఆ దసరాకు అమ్మ స్టూలెక్కి, బల్బు తీసి, తడిగుడ్డతో హోల్డర్ తుడవబోయింది. "ఆర్పినవా శశీ?" అంది.

"ఔ, ఆర్పిన" అన్నాను. నాకు తొమ్మిదేళ్లు.

అమ్మ కింద పడింది. మళ్లీ లేవలేదు.

బల్బు తీశాక నేను స్విచ్చితో ఆడానని నాయనమ్మ తేల్చేసింది. నాన్న శ్రీపతి ఔననలేదు, కాదనలేదు. అదే నన్ను ఎక్కువ తినేసింది. ఆయన కరెంటు తీయించేసి లాంతర్లకు మళ్లాడు.

మరుసటేడు సుల్తాన్ బజార్‌లో ఒకింట్లో, ఆర్పిన దీపమే యేసుదానానికి షాక్ కొట్టింది. అప్పుడర్థమైంది ఆయనకు. కరెంటు వచ్చే తీగకు పెట్టాల్సిన స్విచ్చిని, తిరిగిపోయే తీగకు పెడుతున్నాడు. దీపం ఆరుతుంది గాని హోల్డర్‌లో కరెంటు అలాగే ఉంటుంది. తను చేసిన ప్రతి ఇంట్లోనూ అదే తప్పు. ఇల్లిల్లూ తిరిగి సరిచేశాడు. మా గడప మాత్రం తొక్కలేదు. భయం!

యుద్ధంలో కిరసనాయిలు దొరక్క, 1944లో మళ్లీ కరెంటు కావాలని నాన్నే ఆయనకు కబురు పెట్టాడు. పని చేసి నోరు మూసుకుని పోవచ్చు. పోలేదు. స్విచ్చిని సరైన తీగకు మార్చి, దీపం వెలిగించి నాన్న ముందు నిలబడ్డాడు.

"తప్పు నాది సార్. స్విచ్చి తప్పు తీగకు పెట్టిన. బిడ్డ ఆర్పింది. ఆర్పినా కరెంటు ఉండె."

ఎనిమిదేళ్లుగా తెలుసట. నాన్న ముఖం కప్పుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నన్ను తిట్టిన నాయనమ్మ పోయి నాలుగు నెలలైంది. ఆమెకిప్పుడు ఎవరు చెబుతారని అడిగాను. యేసుదానం స్టూలెక్కి, దీపం నన్నే ఆర్పమన్నాడు. ఆర్పాను. దీపం ఆరాక బల్బు తీశాడు.

"ఆర్పినవా బిడ్డా?"

"ఔ, ఆర్పిన."

నా ముఖంలోకి చూస్తూనే రెండు వేళ్లు హోల్డర్‌లో పెట్టాడు. ఏమీ కాలేదు.

ఆయన్ని క్షమించలేదు నేను. కానీ అక్కడే గోడకు చేరగిలబడి, అమ్మ పోయిన తొమ్మిదేళ్లకు ఏడ్చాను.