విడిగా ఒక గది

హైదరాబాదులో యూనివర్సిటీ దగ్గర మా అమ్మాయికి గది చూడ్డానికి బయల్దేరి, రాజమండ్రి స్టేషన్ వెయిటింగ్ రూములో కూర్చున్నాను. పక్కన ఒకావిడ చుట్టిన పరుపుతో, పుస్తకాల అట్టపెట్టెతో భీమవరం బండి కోసం చూస్తోంది. మాటల్లో, అమ్మాయికి ఎవరితోనూ పేచీ లేకుండా విడిగా గది తీసుకుంటున్నామని చెప్పాను.

“మేమూ అలాగే తీసుకున్నామండి,” అంది ఆవిడ. “మా పిల్లకి జ్వరమొచ్చింది. ఫోన్ చేస్తే తగ్గిందమ్మా అనేది. మూడు రోజులు తలుపు తట్టినవాళ్ళు లేరండి. మేం వెళ్ళేసరికి పిల్ల ప్రాణాలతో లేదు. ఈ సామాన్లే మిగిలాయి.”

 ఆవిడ బండి వస్తే పరుపు ఎక్కించి వచ్చాను.

మా అమ్మాయి ఇప్పుడు తోటి అమ్మాయిలు ఇద్దరితో కలిసి ఒకే గదిలో ఉంటోంది. వాళ్ళు గిన్నెలు కడగరని, తెల్లవార్లూ లైటు ఆర్పరని రోజూ విసుక్కుంటుంది. విడి గది ఎందుకు వద్దన్నావని అడుగుతుంది. ఆవిడ సంగతి నేనింకా చెప్పలేదు.