నరికే చెట్లు సున్నా

మడావి యేత్మాబాయి పరుగు చూడాలి! అరవై ఏళ్ల మనిషి, కాళ్లకు చెప్పుల్లేవు, నెత్తిన చేలోంచి అప్పుడే ఏరుకొచ్చిన ఇప్పపూల గంప. అందులోంచి ఒక్క పువ్వు జారితే ఒట్టు! ఖానాపూర్ అవతలి ఆ గూడెంలో పొద్దు పొడిచేసరికే కబురు పాకింది, ఆమె చేలోకి జేసీబీ దిగిందని.

తప్పు ఆమెదే అనుకోండి. అబ్బే, ఆమెదెందుకవుతుంది! కిందటి నెల పామాయిల్ మొక్కలు ఉచితంగా ఇస్తామని వచ్చిన ఎబినేజర్ సారు, "నరికే చెట్లెన్ని ఉన్నయవ్వా?" అనడిగాడు. "ఒక్కటి గూడ లేదు," అంది యేత్మాబాయి ధీమాగా. చేలో ఇప్పచెట్లు పదకొండున్న మాట నిజమే. కానీ గోండుల ఇంట పుట్టిన ఆమెకు ఇప్పను నరకాలన్న ఆలోచన వస్తుందా? మధ్య ఖాళీల్లో మొక్కలు పెడతారనుకుని వేలిముద్ర వేసేసింది. సారు 'చెట్లు: సున్నా' అని రాసుకుపోయాడు.

నిరుడు పక్క చేను హనుమండ్లు అయిదు ఇప్పలు కొట్టించి పామాయిల్ పెట్టాడు. ఈ ఏడు అతని భార్య వనజ గంప పట్టుకుని యేత్మాబాయి చెట్ల కిందికే వస్తోంది. ఇవీ పోతే ఇద్దరూ ఎక్కడ ఏరుకోవాలి?

జేసీబీ మొదటి ఇప్ప ముందు గుర్రుమంటోంది. యేత్మాబాయి గంపతో సహా పోయి దానికడ్డంగా కూర్చుంది.

"జర జరుగవ్వా, పరేషాన్ చెయ్యకు," అన్నాడు డ్రైవర్ ఫయాజ్. "నాకు కాయితమిచ్చిండ్రు."

"సదువు బిడ్డా గా కాయితం!"

"చెట్లు సున్నా. చేను సాఫ్ చెయ్యాలె."

"సున్నానే గద?" ఆమె కళ్లు తళుక్కుమన్నాయి. "మరి లేని చెట్టునెట్ల కూలుస్తవ్ రా?"

ఫయాజ్ చెట్టును చూశాడు, కాగితం చూశాడు. ఫక్కున నవ్వి ఇంజను ఆపేశాడు. ఇక చూస్కోండి, గూడెమంతా ఈలలే! ఫోనందుకుని బండి మీద వచ్చిన ఎబినేజర్ తల గోక్కున్నాడు.

"గల్తి నాదేనవ్వా. చెట్లకు చెయ్యి పెట్టం. కొత్తగ రాస్త. ఇప్పచెట్లు, పదకొండు."

"చెట్లని రాయకు సారూ!" యేత్మాబాయి అతని పెన్ను పట్టేసుకుంది. "చెట్లని రాస్తే రేపింకొకడు నరకనీకొస్తడు. చెట్టుకొకటి, పూలేరుకునే ఆడోళ్ల పేర్లు రాయి. మనుషులనైతే ఎవడు నరుకుతడో చూస్త!"

గుంపు వెనకాల నిలబడ్డ వనజ ఖాళీ గంపను చీర కొంగు చాటుకు లాక్కుంది. యేత్మాబాయి ఆమె చెయ్యి పట్టి ముందుకు గుంజి, మొదటి ఇప్పకు ఆనించింది.

"రాయి సారూ. గిది వనజ."