ఎద్దుల్ని పిలిచిన గొంతు

మొన్న ఆదివారం మామ మనవరాలు ఫోన్ చేసింది. మామ అంటే మా అమ్మ తమ్ముడు, తమిళనాడు సరిహద్దున వేప్పనపల్లి పక్కన మామిడితోట పెట్టుకుని బతికిన మనిషి. ఆయన పోయేనాటికి ఈ పిల్ల ఇంకా చంకలో బిడ్డ. ఇప్పుడు హోసూరులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది, మూడేళ్ల కొడుకు. ఎవరో పాత టీవీ సీరియళ్లను ఫోన్లో చూసేటట్టు ఎక్కించారట, వాటిల్లో ఒకప్పుడు మేం తీసిన పదమూడు వారాల సీరియల్ కూడా ఉందట, అందులో తాతను చూసి ఏడుపొచ్చిందట. అంతా చెప్పి చివర్లో ఒక మాట అడిగింది. “పెదనాయనా, తాత గొంతు అట్లనే ఉండెనా?” నేను లైను సరిగ్గా లేదని చెప్పి పెట్టేశాను. డెబ్బైకి దగ్గర పడుతున్నవాణ్ణి, పిల్లకు జవాబు చెప్పలేక ఫోను పెట్టేశాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, తొంభైలలో ఊరికొక వీడియో కంపెనీ ఉండేది, పెళ్లి క్యాసెట్టులో పెళ్లికూతురు తామరపువ్వులోంచి లేచి వచ్చేది. మాది హోసూరు బాగలూరు రోడ్డులో, సైకిల్ షాపు పైన ఒక గది. పెళ్లిళ్లు తీసి బతికినా, సినిమాలూ టీవీ కార్యక్రమాలూ సొంతంగా తీసే సంస్థ అని మా బావ బోర్డు మీద మూడు భాషల్లో రాయించాడు. ఆ సంస్థ మొత్తం ముగ్గురం. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు ఉద్యోగం వదిలేసి, నెత్తిన తెల్ల టోపీ పెట్టుకుని డైరెక్టరైపోయిన బావ; ఆ ఉద్యోగం వదిలినందుకు రెండు రోజులు అన్నం పెట్టకుండా పోట్లాడి, మూడో రోజు నుంచి తనే కూర్చుని మాటలు రాసిపెట్టిన మా అక్క; రేడియోలు బాగుచేసుకుంటూ ఉండి శబ్దం చూసుకోవడానికి చేరిన నేను. కెమెరా మనిషిని కృష్ణగిరి నుంచి రోజు కూలికి పిలిచేవాళ్లం, ఆయనకు తమిళం తప్ప మరో భాష రాదు.

ఆ సీరియల్ కథ బావదే. మెట్టభూమి రైతు ఒకడు, బావి లోతు చేయించడానికి తన కాడి ఎద్దుల్ని అమ్మేస్తాడు, బావిలో నీళ్లు మాత్రం పడవు, అంతే కథ. రైతు వేషానికి బెంగళూరు నుంచి ఒక నటుణ్ణి పిలిపించాం. ఎద్దులు కావాలి గనక మామను అడిగితే, అవి నా మాట తప్ప వినవప్పా అని ఆయన తన జతను తోలుకుని కెలవరపల్లి దగ్గర షూటింగుకు స్వయంగా వచ్చాడు. ఆ నటుడు ఎద్దు కొమ్ము చూసి నాలుగడుగులు వెనక్కి, మామ నచ్చజెప్పి ముందుకు నడిపిస్తే మళ్లీ ఆరడుగులు వెనక్కి. మధ్యాహ్నం దాకా ఇదే తంతు. చివరికి బావ తన టోపీ తీసి నేలకేసి కొట్టి, నటుణ్ణి బస్సెక్కించి, మామ తలకే రుమాలు చుట్టించాడు. వీధినాటకంలో రాజు వేషం కట్టే మనిషి కనక మామకు బెరుకు లేదు. అక్క రాసిన మాటలు ఒకసారి చదివించుకుని విని, “అమ్మా, ఇంత నీటుగా రైతు యాడన్నా ఏడుస్తాడా?” అని నవ్వి, తన మాటల్లోనే చెప్పుకుపోయాడు. అక్క కాగితాలు మడిచి కొంగున దోపేసుకుంది.

డబ్బింగు థియేటరుకు మద్రాసు పోయే తాహతు మాకు లేదు, షూటింగులో మాట్లాడిన మాటే అసలు మాట. మామిడికాయలు కోసే దోటి చివర మైకు కట్టి పైనుంచి పట్టుకునేవాణ్ణి, చెవులకు హెడ్‌ఫోను. అందువల్ల మామ గొంతును నేను విన్నంత దగ్గరగా ఈ లోకంలో ఎవరూ విని ఉండరు, మా అత్తతో సహా. మూడు చేలు దాటి వినిపించే గొంతు, హెడ్‌ఫోనులో మాత్రం ఊపిరితో సహా మెత్తగా వచ్చేది. కథలో ఎద్దుల్ని అమ్మేసిన రోజు పొద్దుగూకే వేళ, ఆ రైతు అలవాటు కొద్దీ వాటిని ఇంటికి రమ్మని పిలుస్తాడు, పిలిచాక అవి లేవని గుర్తొచ్చి అక్కడే నిలబడిపోతాడు. అది తీస్తున్నప్పుడు భాష రాని కెమెరా ఆయన వ్యూఫైండరు నుంచి కన్ను తీసి, చొక్కా చేతితో తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. 

పూర్తి చేసి టేపులు పట్టుకుని బావా నేనూ హైదరాబాదు పోయాం. ఛానల్‌లో సీరియళ్లు ఎంచే పెద్దమనిషి మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి, శ్రద్ధగా చూశాడు. కథ బాగుంది, ఆ ముసలాయన మొహం బాగుంది, ఈ భాషే ఎవరికీ అర్థం కాదు, తెలుగో తమిళమో కూడా తెలియడం లేదు, మా వాళ్లతో మంచి తెలుగులో మళ్లీ చెప్పిస్తేనే వేస్తాం అన్నాడు. బావ నా వైపు తిరిగి, శబ్దం నీది, నువ్వే చెప్పు అన్నాడు. నాలుగేళ్ల కష్టం అది, వద్దంటే గదికి తాళమే. అది నిజమే, కానీ అదొక్కటే కారణం కాదు. టీవీలో నా పేరు పడాలన్న ఆశ కూడా ఉంది. కాఫీ సగం కూడా తాగకముందే నేను తలూపాను. తర్వాత మామ గొంతున్న ఆ టేపుల మీదే పెళ్లిళ్లు తీశాం, టేపులు చెరిపి మళ్లీ వాడుకోవడం అప్పట్లో మామూలే, చెరిపింది కూడా నేనే.

మామకు మాత్రం చెప్పలేదు. బావ చెప్తాడని నేను, నేను చెప్తానని బావ, ఎవరో ఒకరు చెప్పే ఉంటారని అక్క. మొదటి వారం ప్రసారమయ్యే ఆదివారం ఉదయం, ముందే చేరుకుని విషయం చెప్పేద్దామని తొలి బస్సుకే వేప్పనపల్లి పోయాను. మామ కొత్త పంచె కట్టుకుని ఉన్నాడు. ఊళ్లోవాళ్లంతా వసారాలో చేరారు, అత్త అందరికీ మామిడిపండ్ల ముక్కలు కోసి పెడుతోంది. నేనూ ఒక ముక్క అందుకుని వాళ్ల మధ్య కూర్చున్నాను.

సీరియల్ మొదలైంది. తెర మీద మామ నోరు తెరిచాడు, ఎవరిదో చక్కని గొంతు చక్కని తెలుగులో మాట్లాడింది. వసారాలో అందరూ మామ వైపు తిరిగారు. ఆ పొద్దు ఆయనకు గొంతు బాగలేదని అత్త ఎవరూ అడగకుండానే అందరికీ చెప్పింది. మామ అరగంటా కదలకుండా చూశాడు, చివర్లో నా పేరు పడేదాకా చూశాడు, అప్పుడు నా వైపు తిరిగి, “ఎవురప్పా ఆ మాట్లాడినాయన? బాగా మాట్లాడినాడు” అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ఎన్నో ఏళ్లు వెతుక్కున్నాను. లేదు. ఉంటే నాకు సుఖంగా ఉండేది.

ఆ ఏడాది నుంచి మామ వీధినాటకంలో వేషం కట్టలేదు. అడిగినవాళ్లకు మోకాళ్ల నొప్పులని చెప్పాడు. అది కూడా తట్టుకునేవాణ్ణేమో గానీ, ఆయన నాతో మాట్లాడే తీరే మారిపోయింది. పెళ్లాంతో, కూతురితో, ఎద్దులతో ఎప్పటి మాటే. నేను కనబడితే మాత్రం నోటిదాకా వచ్చిన ‘యాడ’ను మింగేసి ‘ఎక్కడ’ అనేవాడు. బడిపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు టీవీ తెలుగు మాట్లాడేవాడు. వద్దు మామా, నీ మాటే మాట్లాడు అని ఒక్కసారి అనుంటే సరిపోయేది. అంటే ఆ విషయం మధ్యలోకి వస్తుందన్న భయంతో నేనూ అదే తెలుగులో జవాబు చెప్పేవాణ్ణి. కొన్నేళ్లకు కృష్ణగిరి ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన కూర్చున్నప్పుడు, పుట్టినప్పట్నుంచీ నన్ను అన్నం తింటివా అప్పా అని అడిగిన మనిషి, కళ్లు తెరిచి, కూడబలుక్కుని, “భోజనం చేశావా?” అన్నాడు. మా ఇద్దరి మధ్యా అదే చివరి మాట.

కంపెనీ ఆ తర్వాత ఎక్కువ కాలం నడవలేదు. బావ గులాబీ తోటలోకి దిగాడు, టోపీ మాత్రం ఎండకు పనికొచ్చింది. ఇప్పుడు బావా లేడు, అక్కకు సరిగ్గా వినబడదు. ఫోను పెట్టేసినప్పట్నుంచి మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. ఆ పిల్లకు ఏమని చెప్పను, మీ తాత గొంతు నేనే చెరిపేశానని చెప్పనా? మూడో రోజు మొహం కడుక్కుంటుంటే, శబ్దం మనిషిగా నేనూ కూర్చున్న హైదరాబాదు డబ్బింగు గది కళ్లముందుకొచ్చింది. ఆ గొంతు ఇచ్చినాయన మంచివాడు, ఎద్దుల్ని పిలిచే చోట ఏడెనిమిది సార్లు ప్రయత్నించి, ఇది నా వల్ల కాదండీ, ఆయనదే ఉంచెయ్యండి అని చేతులెత్తేశాడు. ఆ ఒక్క పిలుపూ మామ గొంతులోనే ఉండిపోయింది.

వెంటనే హోసూరు బస్సెక్కాను. పక్క సీటు కుర్రాడు ఫోనులో ఏదో చూసి నవ్వుకుంటున్నాడు, అందులో ఎవరో మన యాడ, ఈడ, ఆడలతోనే గడగడా మాట్లాడుతున్నాడు. లక్షల మంది చూస్తారట, హైదరాబాదు వాళ్లు కూడా బాగుందంటారట. ఇరవై ఐదేళ్లు ముందు పుట్టాడు మా మామ, అంతకు మించి ఆయన చేసిన తప్పేమీ లేదు.

పిల్లకు దాచకుండా అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. తొమ్మిదో వారంలో ఆ చోటు వెతికి పెట్టించాను. కడుపులోంచి లేచి, మధ్యలో విరిగి, చివర పైకి పోయే ఒక్క పిలుపు, మాటంటూ లేని పిలుపు. ఇదేనమ్మా మీ తాత అన్నాను. ఆమె ఫోను చెవికి ఆనించుకుని మళ్లీ మళ్లీ పెట్టుకుంది. పదమూడు వారాల్లో ఆయనది అని చెప్పుకోవడానికి మిగిలింది అంతే. కళ్లు తుడుచుకుని, “అన్నం తిందువు రా పెదనాయనా” అంది, అచ్చం మామ అడిగినట్టే. నేనూ అచ్చం మామలాగే బదులివ్వాలనుకున్నాను. భోజనం చేసే వచ్చానమ్మా అని వచ్చింది నా నోట. మామ నా కోసం నేర్చుకున్న ఆ తెలుగే ఇప్పుడు నాకు మిగిలిన తెలుగు, ఇదంతా రాసింది కూడా అందులోనే. నేనక్కడే కూర్చుండిపోయాను. మామ పిలుపు ఫోనులో ఇంకా మోగుతూనే ఉంది, మూడేళ్ల పిల్లాడు ఆట వదిలేసి పోయి, ఎద్దులు వస్తాయని వాకిట్లో నిలబడి చూస్తున్నాడు.